ఎట్ల తెలుసు సార్?

హన్మకొండకు కాస్త దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పొద్దున ప్రార్థన మొదలయ్యేలోపు వరండా గోడకున్న నల్లబోర్డు మీద ‘నేటి విశేషం’ రాయడం నా అలవాటు. ఎవరూ అప్పజెప్పిన పని కాదు. ఈ బడికి బదిలీ మీద వచ్చిన కొత్తలో నేనే మొదలుపెట్టుకున్నాను. ఒక మహానుభావుడి పుట్టినరోజో, ఒక కోట పడిపోయిన రోజో, రెండు వాక్యాల్లో. పిల్లలు వరుసలో నిలబడి చదువుకుంటారు, కొందరు నోటుబుక్కు వెనక పేజీలో రాసుకుంటారు.

రెండేళ్ల కింద నవంబర్ 27న ఇలా రాశాను: ‘నేడు రాణి రుద్రమదేవి వర్ధంతి. 1289లో ఇదే రోజున యుద్ధరంగంలో వీరమరణం పొందింది.’ సుద్దముక్క పక్కన పెట్టి చేతులు దులుపుకుంటుంటే ఏడో తరగతి పిల్ల ఒకతె వరుసలోంచి కదలకుండానే అడిగింది.

‘ఎట్ల తెలుసు సార్?’

‘ఏది?’

‘ఆ రోజే సచ్చిపోయిందని. అప్పుడు పేపర్లు లేకుండె గదా.’

‘పుస్తకాలల్ల ఉంటది బిడ్డా.’

‘పుస్తకం రాసినాయనకు ఎట్ల తెలుసు?’

ఆ పిల్ల ఎదురు మాట్లాడాలని అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను ‘మధ్యాహ్నం చెప్తా’ అన్నాను. మధ్యాహ్నం ఆ తరగతి వైపు వెళ్లలేదు. ఎందుకంటే నాకు తెలియదు. ఆ రెండు వాక్యాలు నేను ముందురోజు రాత్రి ఫోనులో చూసినవి. రుద్రమ బొమ్మ, కింద పూలదండ, దాని కింద తేదీ. నాలాంటివాళ్లు ఎంతమంది వాటిని పక్క గ్రూపులోకి పంపి ఉంటారో. ఇరవై ఏళ్లుగా చరిత్ర చెప్తున్న నాకు, కాకతీయుల రాజధాని పక్కనే బతుకుతున్న నాకు, ఆ తేదీ ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోవడం ఆ రాత్రి మనసులో ముల్లులా గుచ్చుకుంది.

చందుపట్ల రాయి

తేదీ చందుపట్ల నుంచి వచ్చింది. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి ఊరు అది. అక్కడ దొరికిన ఒక శాసనం శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర మాసం నాటిది. మన లెక్కలోకి మారిస్తే 1289 నవంబర్ 27. వేయించినవాడి పేరు పువ్వుల ముమ్మడి. కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని, వాళ్లు శివలోకం చేరాలని, దేవుడికి భూమి దానం చేసి ఆ సంగతి రాయి మీద చెక్కించాడు.

అంతే ఉంది. ఎలా పోయిందో లేదు. ఎక్కడ పోయిందో లేదు. ఎవరి చేతిలో అన్నది అసలే లేదు. రాణీ సేనానీ ఇద్దరి పేరు మీదా ఒకేసారి దానం జరిగింది కాబట్టి ఇద్దరూ కలిసి ఒక యుద్ధంలో పోయి ఉంటారని, ఆ రోజుల్లో తిరగబడిన కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడితో జరిగిన పోరే అది అయి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. మంచి ఊహే. నేనూ నమ్ముతాను. కానీ అది ఊహ. ఇక 27 నవంబర్ అన్నది ముమ్మడి దానం ఇచ్చిన రోజు. రుద్రమ చనిపోయిన రోజు కాదు. అంతకుముందు కొన్ని రోజులకు పోయి ఉంటుంది. నేను బోర్డు మీద రాసిన రెండు వాక్యాల్లో మొదటిది తప్పు, రెండోది ఊహ.

దీనికన్నా నన్ను ఎక్కువ కదిలించింది ముమ్మడి. కొలువులో పెద్ద పదవి ఉన్నవాడు కాదు. మల్లికార్జున నాయకుడి దగ్గర పనిచేసినవాడు. చేరదీసిన నాయకుడూ పోయాడు, రాణీ పోయింది. తనకున్నదాంట్లోంచి దానం చేసి, రెండు పేర్లు రాయి మీద పెట్టించాడు. ఓరుగల్లు కోట నుంచి మనదాకా వచ్చిన కబురు కాదిది, ఎక్కడో నకిరేకల్ వైపు పల్లెలో ఒక మామూలు మనిషి వేయించిన కబురు. ఆయన ఆ పని చేయకపోతే ఇవాళ ఆ తేదీ మనకు లేనే లేదు. తేదీ మాత్రం లక్షల ఫోన్లలో తిరుగుతోంది. ముమ్మడి పేరు ఏ పూలదండ బొమ్మ కిందా కనపడదు.

మర్నాడు బోర్డు మీద ఆయన పేరు రాశాను. ఆ పిల్లను పిలిచి ముందురోజు నేను రాసింది తప్పని కూడా చెప్పాను. ‘ఆయన ఎవరు సార్, సిపాయా?’ అని అడిగింది. దగ్గర దగ్గర అంతే అన్నాను. ‘మంచోడు’ అని వెళ్లిపోయింది.

బిట్టు ఎక్కడ తెగుతుంది

మా వైపు ఈ చిన్న చరిత్ర ముక్కలను ‘బిట్లు’ అంటారు. గ్రూప్స్ రాసేవాళ్ల దగ్గరనుంచి వచ్చిన మాట. ఇప్పుడు అందరి నోటా అదే. బిట్లంటే చిన్నచూపు నాకు లేదు. నేను బిట్లు చదివే ఉద్యోగం తెచ్చుకున్నాను. నా బాధ వేరే. బిట్టు చిన్నగా ఉండటం తప్పు కాదు, ఏ రాయి నుంచో ఏ నోటి నుంచో వచ్చిందో ఆ ముడి తెంపేసి చేతిలో పెట్టడం తప్పు. ‘ఎవరు చెప్పారు’ అన్న నాలుగు మాటల తోక ఉంటే బిట్టు బతికినట్టు. అది లేకపోతే బిట్టుకూ పుకారుకూ తేడా ఏముంది?

తోక తెగితే ఏమవుతుందో చూడాలంటే మార్కోపోలో బిట్టు చాలు. ‘ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఓరుగల్లుకు వచ్చి రుద్రమదేవి పాలనను చూసి మెచ్చుకున్నాడు.’ ఇది ఎంత మందికి నోటికొచ్చో చెప్పలేను. నేనూ ఎన్నోసార్లు క్లాసులో చెప్పాను. ఇప్పుడు దాని తోక పట్టుకుని వెనక్కి వెళ్తే ఏం కనిపిస్తుందో చెప్తాను.

మార్కోపోలో చెప్పింది ‘ముత్‌ఫిలి’ గురించి. అది మోటుపల్లి. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉంది. గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ 1244లో శాసనం వేయించిన రేవు అది. అంతకుముందు రాజులు ఓడ తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా లాక్కునేవాళ్లు, ఇకమీదట అలా జరగదు, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని అందులో మాట ఇచ్చాడు. అంత పేరున్న రేవు కాబట్టే విదేశీయుల నోట ఆ రాజ్యానికి రేవు పేరే పడింది. ఆ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని మార్కోపోలో అంటాడు. ఆమె పేరు చెప్పడు. రాజు చనిపోయి నలభై ఏళ్లయిందని, ఆయన మీది ప్రేమతో ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదని, న్యాయంగా, శాంతిగా ఏలుతోందని, జనానికి ఆమె అంటే ప్రాణమని చెప్తాడు.

ఇందులో ఎన్ని చిక్కులున్నాయో చూడండి. రుద్రమ గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. గణపతిదేవుడి తర్వాత ఆమె ఏలింది 1262 నుంచి 1289 వరకు, నలభై ఏళ్లు కాదు. పైగా మార్కోపోలో చైనా నుంచి ఓడ ఎక్కి ఇటువైపు వచ్చింది 1290 దాటాకే. అప్పటికి ముమ్మడి శాసనం చెక్కించేసి ఉన్నాడు. అంటే మార్కోపోలో చూసింది రుద్రమను కాదు. రేవులో జనం ఆమెను తలుచుకుంటుంటే విని ఉంటాడు.

మొదట తెలిసినప్పుడు నాకు కాస్త దిగులేసింది, మన రాణిని విదేశీయుడు స్వయంగా చూసి మెచ్చుకున్నాడన్న గర్వం పోయిందే అని. కొన్నాళ్లకు అనిపించింది, ఇది ఇంకా గొప్ప సంగతి కాదా అని. చనిపోయిన కొన్నేళ్లకు కూడా, రాజధానికి ఎంతో దూరంలో ఉన్న రేవులో, ఓడ దిగిన పరాయి మనిషికి జనం ఆమె న్యాయం గురించి చెప్తున్నారు. ఆ మెప్పు మార్కోపోలోది కాదు, మోటుపల్లి జనానిది. తోక తెంచిన బిట్టులో ఆ జనం పోయారు, ఒక విదేశీయుడి సర్టిఫికెట్ మిగిలింది.

ఎదురు చెప్పినవాళ్లు

మా బడిలో తెలుగు చెప్పే మేడమ్‌తో ఈ గోలంతా చెప్పుకున్నాను. ఆమె ఓపికగా విని ఒక మాట అంది. ‘అన్నా, మీరు రోజూ ఇంత రాస్తే ఒక్కరు చదవరు. రెండు వాక్యాలున్నయి గనుకనే ఆగి చూస్తున్నరు. పోతన బమ్మెరలో పుట్టిండన్న ఒక్క ముక్క చదివినంకనే మా తరగతి పిల్లలు వాళ్ల నాన్నల బండ్ల మీద బమ్మెర పోయి చూసొచ్చిన్రు.’ నిజమే. అది నేను కొట్టిపారేయలేను. బిట్టు గుమ్మం లాంటిది. గుమ్మం మీద ఇల్లు కట్టినవాడి వంశవృక్షమంతా చెక్కితే లోపలికి ఎవరు వెళ్తారు?

ఇంకొకరు నా పాత విద్యార్థి. హన్మకొండలో రీడింగ్ రూములో సీటు పెట్టుకుని గ్రూప్-2కు చదువుతున్నాడు. పొద్దున ఆరింటికి వెళ్లి రాత్రి పదింటికి గదికి చేరతాడు. బస్టాండు దగ్గర కలిశాడు, టీ తాగుతూ చెప్పాను. వాడు అన్నాడు, ‘సార్, మాకు నాలుగు ఆప్షన్లల్ల ఒకటి దిద్దాలె. నిమిషానికో ప్రశ్న. తోకల గురించి ఆలోచిస్తే టైం ఐపోతది.’ వాడి టెన్షన్ నాకు తెలుసు. ఇంట్లో అక్క పెళ్లి అప్పు తీరలేదు, వయసు ముప్పైకి దగ్గర పడుతోంది. వాడికి నేను నీతులు చెప్పలేను.

అయితే వాడే ఇంకో మాట అన్నాడు. పరీక్ష అయ్యాక ప్రాథమిక ‘కీ’ విడుదల చేస్తారు కదా, అందులో ఒక జవాబు తప్పనిపిస్తే అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఊరికే తప్పు అంటే కుదరదు, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆధారం జత చేయాలి. కిందటిసారి రీడింగ్ రూములో ఇరవై మంది కలిసి రెండు రాత్రులు తెలుగు అకాడమీ పుస్తకాలు, పాత పాఠ్యపుస్తకాలు, శాసన సంపుటాలు తిరగేశారట. ‘అప్పుడు చదివింది సార్ అసలు చదువు, ఇప్పటిదాకా మర్చిపోలేదు’ అన్నాడు.

దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. ఒక మార్కు పోతుందంటే మూలం ఎక్కడుందో వెతికి పట్టుకుంటాం. మార్కు లేనిచోట ఏ మూలమూ అడగం. అంటే వెతకడం మనకు చేతకాక కాదు. అడగాల్సినంత విలువ ఆ ముక్కకు మనం ఇవ్వడంలేదు. ఏడో తరగతి పిల్లకు మార్కుతో పనిలేదు, అయినా అడిగింది.

ఇక పీవీ మీద వచ్చే బిట్లు. ఆయన పుట్టిన లక్నేపల్లి మా వైపుదే. ఒక పోస్టులో ఆయనకు 17 భాషలు వచ్చంటారు, ఇంకో పోస్టులో 13. ఎవరూ లెక్క ఎక్కడిదో చెప్పరు. ఆ అంకె చుట్టూ తిరిగే హడావుడిలో ముఖ్యమంత్రిగా భూపరిమితి చట్టం కోసం ఆయన పట్టుబట్టిన సంగతి బిట్టుకు ఎక్కనే ఎక్కదు. కోహినూర్ వజ్రం భద్రకాళి అమ్మవారి కన్ను అన్నదీ అంతే. 1310లో ఢిల్లీ సుల్తాన్ అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు నుంచి బోలెడు సొమ్ము తీసుకుపోయిన మాట నిజం. 1526లో ఆగ్రాలో దొరికిన ఒక పెద్ద వజ్రాన్ని అలాఉద్దీన్ తెచ్చాడని బాబరు రాసుకున్నదీ నిజం. ఆ రెండింటి మధ్య వంతెన మనం వేసుకున్నది.

రాయి కూడా గొప్పలు పోతుంది

ఆ సంక్రాంతి సెలవుల తర్వాత ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లాను. అక్కడి శాసన స్తంభం చూపించాలని. రుద్రదేవుడు 1163లో వేయించింది. కాకతీయులు ఇక ఎవరికీ సామంతులం కాదని చాటుకున్న శాసనంగా పుస్తకాల్లో దీని పేరు ఉంటుంది.

పిల్లలు మొదట ఫొటోలు దిగారు. తర్వాత నేను చెప్పకుండానే ఇద్దరు ముగ్గురు రాయి దగ్గరికి ముఖాలు తీసుకెళ్లి అక్షరాలు వెతకడం మొదలుపెట్టారు. ఎదురుగా చూస్తే ఏమీ కనపడదు, నల్లటి రాయి మీద గీతల గజిబిజి. పక్కకు వచ్చి, వెలుతురు ఏటవాలుగా పడేలా తల వంచితే ఒక్కొక్క వరుసా లోపలినుంచి లేచినట్టు కనిపిస్తుంది. అదే పిల్ల, ముమ్మడిని మంచోడన్న పిల్ల, నేలమీద గొంతుక్కూర్చుని ఒక అక్షరం కింద వేలు పెట్టింది, రాయికి తాకకుండా. ‘సార్, తలకట్టు’ అంది. నిజంగానే తలకట్టు. ఎనిమిదివందల అరవై ఏళ్ల కింద ఉలితో కొట్టిన తలకట్టు. ఆ పిల్ల తన నోటుబుక్కులో రోజూ పెట్టేదానికి అక్కలాంటిది. మిగతా పిల్లలంతా మీద పడి తలకట్లు లెక్కపెట్టారు. పదిహేడు దాకా వచ్చాక లెక్క తప్పారు.

అప్పుడు వాళ్లకు ఆ శాసనంలోని ఒక సంగతి చెప్పాను. కల్యాణి చాళుక్య రాజు తైలపుడు రుద్రదేవుడి భయంతో అతిసారం పట్టి చనిపోయాడని అందులో ఉంది. మగపిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. అంతకన్నా మంచి బిట్టు ఎక్కడ దొరుకుతుంది? ఫోనులో పెడితే మధ్యాహ్నానికి ఊరంతా తిరుగుతుంది. పైగా తోక కూడా ఉంది, సాక్షాత్తు రాయి మీదే ఉంది.

నవ్వులు ఆగాక ఒక్క ప్రశ్న అడిగాను. ‘ఈ శాసనం ఎవరు రాసిన్రు?’ అచింతేంద్రుడనే కవి అని నేనే చెప్పాను. ‘ఎవరి తరఫున?’ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనకనుంచి ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు, ‘అట్లయితే తైలపునోళ్ల ఊర్ల ఇంకో రాయి ఉంటది సార్, అండ్ల వేరే ఉంటది’ అన్నాడు.

ఈ మాట కోసమే నేను అంత దూరం పిల్లలను బస్సు ఎక్కించుకుని వచ్చానేమో. తోక అంటే ముద్ర కొట్టిన నిజం అని కాదు. ఎవరి నోటినుంచి వచ్చిందో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో తూచుకోవచ్చు. గెలిచినవాడి కొలువు కవి ఓడినవాడి పొట్ట గురించి చెప్పిన మాటను ఎంత తూకానికి తీసుకోవాలో ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా తెలుస్తుంది. ఎవరు చెప్పారో వాడికి మనం చెప్తే.

రాయి లేనివాళ్ల సంగతి

అక్కడితో నా వాదం గట్టిపడింది అనుకున్నాను. తిరుగు బస్సులో అది కదిలిపోయింది. ఆ పిల్లే. వాళ్ల నానమ్మ ప్రతి జాతరకూ మేడారం వెళ్తుంది. మనవరాలి ఎత్తు బెల్లం తూచి, బెల్లమే అక్కడ బంగారం, ఇచ్చొచ్చిన ఇల్లు అది. కిటికీ పక్క కూర్చుని అడిగింది.

‘సమ్మక్కది ఎవరు చెప్పిన్రు సార్? ఆమెకు రాయి ఉన్నదా?’

లేదు. కోయ పల్లెల్లో పుట్టి పెరిగిన కథ అది. కరువొచ్చి కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీదికి వచ్చిందని, సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ పోరులో ఒరిగారని, కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకితే అది జంపన్న వాగైందని, సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కనపడకుండా పోయిందని, అక్కడ కుంకుమ భరిణె దొరికిందని చెప్పుకుంటారు. ఇందులో ఏ ఒక్కటీ కాకతీయ శాసనాల్లో లేదు. ఎలా ఉంటుంది? రాయి వేయించాలంటే భూమి ఉండాలి, చెక్కేవాడికి ఇవ్వడానికి సొమ్ము ఉండాలి, రాసేవాడు ఉండాలి. కప్పం కట్టలేనివాళ్లు శాసనం ఎక్కడ వేయిస్తారు?

నేను ప్రతి బిట్టుకూ ఆధారం అడిగితే, రాయి వేయించగలిగినవాళ్లకే చరిత్రలో చోటు మిగులుతుంది. సమ్మక్క పోతుంది, తైలపుడి అతిసారం ఉంటుంది. ఇది చిన్న చిక్కు కాదు. చాలా రాత్రులు దీని మీద నిద్రపట్టలేదు. మా వైపు ప్రతాపరుద్రుడు ఒక్కడే మనిషి కాదు. కోట దగ్గర నిలబడితే ఢిల్లీ సైన్యాలను మళ్లీ మళ్లీ ఎదుర్కొని 1323లో పట్టుబడ్డ చివరి రాజు, మన బాధ. జంపన్న వాగులో మునిగితే ఆయనే సమ్మక్క మీదికి సైన్యాన్ని పంపిన రాజు. ఒకే ఫోనులో, ఒకే వారంలో, రెండు బిట్లూ వస్తాయి. రెంటికీ దండాలు పెట్టే జనం ఒకరే.

నాకు దొరికిన జవాబు ఆ పిల్ల నానమ్మ దగ్గర దొరికింది. పుస్తకంలో కాదు. సంతకం పెట్టించుకోవడానికి ఇంటికి వెళ్తే ఆమెనే అడిగాను, ఈ కథ నీకు ఎవరు చెప్పారమ్మా అని. క్షణం కూడా ఆగలేదు. ‘మా అవ్వ చెప్పింది. మా అవ్వకు డోలీలోళ్లు చెప్పిన్రు. పడిగె పట్టుకొని పాట చెప్తరు, అండ్ల బొమ్మలుంటయి.’ కోయల కథలు చెప్పే డోలీవాళ్లు పడిగె అనే బట్ట మీద తమ వంశాల కథలు బొమ్మలుగా వేయించుకుని, అవి చూపిస్తూ పాడతారు. ఆమె చెప్పింది వాళ్ల గురించే. అది తోకే కదా. అవ్వ, ఆ అవ్వకు డోలీవాళ్లు, డోలీవాళ్లకు పడిగె. చందుపట్ల రాయికి ముమ్మడి ఎంతో ఈ కథకు వాళ్లు అంత. ‘జనం చెప్పుకుంటారు’ అన్నది తక్కువ మాట కాదు, నిజాయితీగా చెప్తే. దాన్ని శాసనంలో ఉన్నట్టు చెప్పినప్పుడే మోసం.

రామప్ప గుడి సంగతీ ఇలాగే చూడొచ్చు. ‘శిల్పి పేరుతో ఉన్న గుడి’ అన్న బిట్టు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిననాటి నుంచి ఇంకా ఎక్కువ తిరుగుతోంది. 1213 నాటి పాలంపేట శాసనంలో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరుంది, రుద్రేశ్వరుడి పేరుంది. రామప్ప అనే శిల్పి పేరు లేదు. అలాగని ఆ పేరు అబద్ధమని కొట్టేయడానికి నాకు నోరు రాదు. కట్టించినవాడిని రాయి గుర్తుపెట్టుకుంది, చెక్కినవాడిని ఊరు గుర్తుపెట్టుకుంది అని కొందరంటారు. కావచ్చు, కాకపోవచ్చు. ‘శాసనంలో లేదు, జనం చెప్పుకుంటారు’ అని చిన్నగా రాస్తే రామప్పకు అవమానమేమీ లేదు.

ప్రతాపరుద్రుడి చావు మీద కూడా ఇలాంటి తేడానే ఉంది. ‘బందీగా ఢిల్లీకి వెళ్లడం ఇష్టంలేక నర్మదలో దూకి ప్రాణాలు తీసుకున్నాడు’ అని బిట్టు. ఆయన పోయిన కొద్ది ఏళ్లకే ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం నర్మద ఒడ్డున మరణించాడని మాత్రం అంటుంది. తన ఇష్టంతో స్వర్గానికి వెళ్లాడన్న మాట 1423 నాటి కలువచేరు శాసనంలో వస్తుంది. మధ్యలో నూరేళ్లు. ఓడిన రాజుకు నూరేళ్ల తర్వాత ఆ గౌరవం ఇచ్చింది జనమా, కవులా, నిజంగా జరిగిందా? ఈ ప్రశ్న పక్కన పెట్టుకుని చదివితే ఆ వాక్యం నాకు ఇంకా బరువుగా అనిపిస్తుంది.

ఇప్పుడు బోర్డు మీద

మేడమ్ మాట కూడా నిలబెట్టాలి కదా, అందుకే రెండు వాక్యాలు దాటడం లేదు. మొదటి వాక్యం పెద్ద అక్షరాల్లో బిట్టు, రెండోది కింద చిన్న అక్షరాల్లో ఎవరు చెప్పారన్నది. ‘ఫలానా శాసనం’, ‘ఫలానా కొలువు కవి’, ‘జనం చెప్పుకుంటారు’. తోక దొరకనిది బోర్డు ఎక్కదు. మొదటి నెల చాలా రోజులు బోర్డు ఖాళీగా ఉంది. హెడ్మాస్టర్ గారు పిలిచి, ఒంట్లో బాగలేదా అని అడిగారు. విషయం చెప్తే, పాత పంచాంగాలు చూడటం వచ్చిన ఒకాయన ఫోన్ నంబర్ ఇచ్చారు.

పోయిన నవంబర్ 27న రాసింది ఇది: ‘1289లో ఈ రోజున, అంతకుముందే కన్నుమూసిన రుద్రమదేవి పేరిట దానం జరిగింది. చేసినవాడు పువ్వుల ముమ్మడి, చెప్తున్నది చందుపట్ల శాసనం.’

ఈ ఏడు పిల్లలకే ఒక పని ఇచ్చాను. పుస్తకాల్లో లేని మనిషి మీద, తమ ఊరి మనిషి మీద, ఒక్కొక్కరు ఒక బిట్టు తేవాలి, తోకతో సహా. ఎక్కువమంది వాళ్ల తాతల గురించి తెచ్చారు. ఒక పిల్లాడు చించిన నోటుబుక్కు పేజీ మీద రాసుకొచ్చాడు: ‘మా ఊరి చెరువు తెగితే మా ముత్తవ్వ రాత్రంతా గండిల మట్టి తట్టలు మోసింది, అప్పుడు కడుపుతోటి ఉండె. ఎవరు చెప్పిన్రు: మా తాత.’

చదివి, తాతకు ఎట్ల తెలుసు అని అడిగాను. పిల్లాడు నా వైపు కాసేపు చూశాడు.

‘కడుపుల ఉన్నది ఆయననే సార్. ఆయనకు ఎవరు చెప్పిన్రో అడిగి రేపు చెప్త.’